గంగాళంలో కెమెరా

మా ఆయనకు తిరుపతిలో ఫొటో స్టూడియో ఉంది. ఏళ్ల తరబడి పెళ్లిళ్లే ఆయన లోకం. మా తమ్ముడేమో అండమాన్‌లోని హావ్‌లాక్ (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) దీవిలో స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో సముద్రంలోకి దిగడం, నేర్చుకుందామని తామిద్దరికీ టికెట్లు తీశాడు. నీళ్లలోకి ఏ కెమెరా తీసుకెళ్లాలన్నదే అప్పటినుంచి మా ఇంట్లో గొడవ. ఇద్దరూ కావలసినవాళ్లే కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

బావ: చేతిలో పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా ఉండగా అరచేతిలో పట్టే ఆ బొమ్మ కెమెరా ఎందుకురా? నీళ్లు చొరని పెట్టె ఒకటి కొంటే సరిపోతుంది.

తమ్ముడు: ఆ హౌసింగ్ మీ ఒక్క మోడల్‌కే అమరుతుంది బావా. రేపు కెమెరా మారిస్తే ఊరగాయ పెట్టుకోవడానికి కూడా పనికిరాదు. నేను చెప్పే ఒలింపస్ టీజీ-6 ఏ పెట్టే లేకుండా 15 మీటర్ల దాకా తట్టుకుంటుంది.

బావ: కోర్సులో 18 మీటర్ల దాకా దిగవచ్చన్నావు. ఆ మూడు మీటర్లు ఎవరు కాస్తారు?

తమ్ముడు: దానికీ పెట్టె ఉంది, 45 మీటర్ల దాకా.

బావ: వెలుతురును పట్టే నా సెన్సర్ దానికంటే దాదాపు 30 రెట్లు పెద్దది. నీళ్లలో ముందుగా మాయమయ్యేది ఎరుపు. పది మీటర్ల లోతులో కుంకుమ పెట్టినా బూడిదలా కనబడుతుంది. నా ‘రా’ ఫైలులో, అంటే సెన్సర్ పట్టింది ఉన్నదున్నట్టు దాచే ఫైలులో, ఆ రంగును వెనక్కి లాగవచ్చు.

తమ్ముడు: ‘రా’ ఫైలు ఇదీ తీస్తుంది. అయినా లెన్సు దాకా రాని ఎరుపును ఏ ఫైలు తెస్తుంది? దగ్గరికి వెళ్లి లైటు వేయాల్సిందే.

బావ: లైటు గురించి నాకు చెబుతావా? ఫ్లాష్ బిగిస్తాను.

తమ్ముడు: లెన్సు పక్కనే బిగిస్తే నీళ్లలో నలకలన్నీ మెరుస్తాయి. చేప మీద అక్షింతలు చల్లినట్టు ఉంటుంది ఫొటో. పొడుగు కడ్డీల మీద పక్కకు జరిపి పెట్టాలి.

(మా ఆయన నవ్వు ఆపుకోవడం చూశాను. ఆ మాటతో తమ్ముడు గెలిచినట్టే.)

తమ్ముడు: అసలు సంగతి అది కాదు. మనకింకా నీళ్లలో నిలకడగా తేలడమే రాదు. చెవులు సర్దుకోవాలి, గాలి ఎంత ఉందో చూసుకోవాలి. రెండు చేతులూ ఆ బరువుకే పోతే ఎలా? అదుపు తప్పి కాలు తగిలితే ఎన్నో ఏళ్లు పెరిగిన పగడం విరుగుతుంది.

ఆయన దీనికి బదులివ్వలేదు. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన పాత హౌసింగ్ తీసి, కెమెరా లేకుండా లోపల టిష్యూ కాగితం పెట్టి మూసి, పెరట్లోని ఇత్తడి గంగాళంలో ముంచారు.

తమ్ముడు: రెండడుగుల నీళ్లలో ఏం తెలుస్తుంది?

బావ: లోతుకు పోతే నీటి ఒత్తిడే మూతను బిగిస్తుంది. చాలాసార్లు కారేది పైపై నీళ్లలోనే.

అరగంట తర్వాత తీసి చూస్తే కాగితం ఒక మూల తడిసింది. మూత చుట్టూ ఉన్న రబ్బరు రింగు మీద పొడుగాటి వెంట్రుక అంటుకుని ఉంది. అదొక్కటి చాలు, నీళ్లకు దారి దొరకడానికి.

మా ఆయన నిన్ననే కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చిన గుండు తడుముకున్నారు. తమ్ముడిదీ గుండే. ఇద్దరూ ఒక్కసారిగా నా జడ వైపు చూశారు.