ఏ చేతికి కొలిచారో రాయాలి
స్ట్రోక్ వచ్చినవారి రక్తనాళాల స్పందనను, అంటే చేతిని కఫ్‌తో బిగించి వదిలాక ధమని ఎంత వెడల్పవుతుందో, ఒక వ్యాసంలో ఒకే శాతం అంకెగా చెప్పి వదిలేశారు. ఏ చేతికి కొలిచారో తెలియకపోతే ఆ అంకెతో లాభం లేదు. పక్షవాతం వచ్చిన చేతికి వాడకం తగ్గి కండ కరుగుతుంది, ధమనీ సన్నబడవచ్చు. అందుకే ఒకసారి ఒక చేతికి కొలిస్తే, ప్రతిసారీ ఆ చేతికే కొలవాలి.

బీపీ చూసే కఫ్‌ను మోచేతి కింద కట్టి, పై బీపీ కంటే కనీసం 50 mmHg ఎక్కువగా 5 నిమిషాలు బిగించి వదలాలి. రక్తం ఒక్కసారిగా ఉరికితే నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, ధమని వెడల్పవుతుంది. 4 మిల్లీమీటర్ల ధమని 0.2 పెరిగితే 5 శాతం! ధమనిని చూపే అల్ట్రాసౌండ్ ప్రోబ్ కాస్త జారినా లెక్క తప్పుతుంది. పక్షవాతంతో బిగుసుకున్న చేయి కదలకుండా కింద దిండు పెట్టాలి.

పరీక్షకు ముందు కనీసం 6 గంటలు ఆహారం, కాఫీ, పొగ వద్దు. పరీక్ష కోసమని బీపీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి, వేసుకున్న వేళ చెబితే చాలు.