పీఈ తక్కువుంటే షేర్ చవకని కాదు

ఎవరో ఒక షేర్ గురించి, ధర 100, షేరుకి ఏడాది లాభం 20, అంటే పీఈ (ధరని లాభంతో భాగిస్తే వచ్చేది) 5, ఇంత చవగ్గా మళ్ళీ దొరకదు కొనేయండి అని రాశారు గానీ ఆ 20 ప్రతి ఏడూ వస్తుందా అన్నది చూడాలి కదండీ. మాది చిత్తూరు పక్కన పల్లె, మా నాయన మామిడి తోట గుత్తకి తీసుకునేటప్పుడు చెట్టు నిండా పూత ఉందని ఎగబడి రేటు కట్టడు, ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు కాపు తగ్గుతుంది కాబట్టి నాలుగైదేళ్ళ కాపు కనుక్కుంటాడు, బోరులో నీళ్ళు చూస్తాడు. స్టీలు, చక్కెర కంపెనీలు అచ్చం ఇంతే, లాభాలు బాగా పెరిగినప్పుడే పీఈ తక్కువ కనిపిస్తుంది. పైగా చూపించిన లాభం నిజం కాకపోవచ్చు కూడా, 2009లో సత్యం కంప్యూటర్స్ సంగతి చూశాం కదా, లెక్కల్లో వేల కోట్ల నగదు, బ్యాంకులో మాత్రం లేదు. అందుకే నేను లాభం కంటే ముందు క్యాష్ ఫ్లో (నిజంగా చేతికొచ్చిన, చేతి నుంచి పోయిన నగదు), అప్పులు చూస్తా, అదీ పదేళ్ళవి.