మహారాజశ్రీ జీపీఏ గారికి ఒక ప్రీమెడ్ తల్లి విన్నపం

మహారాజశ్రీ జీపీఏ గారి సముఖమునకు,

టెక్సాస్ నుంచి ఒక ప్రీమెడ్ తల్లి, అంటే డిగ్రీ తర్వాత మెడికల్ స్కూల్లో చేరాలని చదివే కుర్రాడి తల్లి, నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. మావాడి కాలేజీ గ్రేడ్ల సగటు మీరు, నాలుగుకి 2.8 దగ్గర ఎంత స్థిమితంగా కూర్చున్నారో రోజూ చూస్తూనే ఉన్నాం.

హైస్కూల్లో మీరు ఇలా ఉండేవారు కాదు. కాలేజీ స్థాయి ఏపీ క్లాసుకి ఇంత, కష్టమైన ఆనర్స్ క్లాసుకి ఇంత అని అదనంగా కలుపుకుని నాలుగు దాటి నాలుగున్నర మీద తిరిగేవారు. సంక్రాంతి పాట్‌లక్‌లో పిల్లాడి పేరు కన్నా ముందు మీ పేరే చెప్పుకునేవాళ్ళం. కాలేజీకి రాగానే మీ అసలు రూపం చూపించారు. మొదటి ఏడు జనరల్ కెమిస్ట్రీలో డి, రెండో ఏడు ఆర్గానిక్‌లో ఇంకో డి. ఆ తర్వాత మావాడు దారికొచ్చాడు లెండి. రెండూ మళ్ళీ చదివి రెండింట్లోనూ ఎ తెచ్చుకున్నాడు. మీతో నా తగాదా అంతా అక్కణ్ణుంచే.

మాది గుంటూరు. మా వైపు ఇంటర్‌లో మార్కులు తగ్గితే ఇంప్రూవ్‌మెంట్ రాస్తారు, ఎక్కువ వచ్చినవే ఉంచుతారు. నీట్‌లో సీటు రాకపోతే లాంగ్ టర్మ్‌లో చేరతారు. ఏడాది పాటు హాస్టల్ సాంబారు, తెల్లారుజామున స్టడీ అవర్, వారం వారం టెస్టులు. కొత్త స్కోరు వచ్చాక పాతది ఎవరూ అడగరు. మా అక్క కొడుకు అలాగే సీటు తెచ్చుకున్నాడు. వాడి మొదటి స్కోరెంతో ఇప్పుడు వాళ్ళమ్మకే గుర్తులేదు. జనరల్ కేటగిరీలో ఇంటర్ సైన్సు సబ్జెక్టుల్లో 50 శాతం ఉంటే చాలు, తక్కినదంతా ఆ ఒక్క పూట రాసే 720 మార్కుల పరీక్షే తేల్చేస్తుంది. ఆ పద్ధతిలో వేరే ఘోరాలున్నాయి, వాటికి ఇంకో ఉత్తరం రాయాలి. కానీ దానికి కాస్త మతిమరుపుంది. ఆ మతిమరుపు విలువ మీతో పరిచయమయ్యాకే తెలిసింది.

మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "వాణ్ణి ఏదైనా లాంగ్ టర్మ్‌లో వెయ్యకపోయారా?" 

"వేశామమ్మా. ఇక్కడ పోస్ట్‌బ్యాక్ అంటారు. డిగ్రీ అయ్యాక మళ్ళీ సైన్సు క్లాసులు చదవడం." 

"పేరేదైతేనేం, పాతవి పోతాయిగా?"

ఏం చెప్పను? కాలేజీ వాళ్ళు మంచివాళ్ళే. రెండు డిలూ లెక్కలోంచి తీసేసి ఎలు ఉంచారు. ఆ కాగితం మీద మీరు 2.93. కానీ చాలా మెడికల్ స్కూళ్ళకి దరఖాస్తు వెళ్ళేది ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తుల సంస్థ ద్వారా. వాళ్ళు కాలేజీ వేసిన లెక్కని పక్కన పెట్టి, చదివిన ప్రతి కాలేజీ నుంచీ ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకుని, డినీ ఎనీ రెండింటినీ వేసి మొదట్నుంచీ కడతారు. ఒక కోర్సులో డికి ఒకటీ, ఎకి నాలుగూ కలిస్తే సగటు రెండున్నర. అలా మీరు మళ్ళీ 2.8 అయ్యారు. అంతటితో ఊరుకోక బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు విడదీసి సైన్సు జీపీఏ అని మీకో తమ్ముణ్ణి కూడా తయారుచేస్తారు, ఆయన మీకన్నా కఠినం. మావాడు సరదాపడి తెలుగు తీసుకుని ఎ తెచ్చుకుంటే దాన్ని 'మిగతావి' ఖాతాలో రాశారు. 

ఎండీకి బదులు డీఓ డిగ్రీ ఇచ్చే ఆస్టియోపతిక్ మెడికల్ స్కూళ్ళది ఒకప్పుడు మెత్తటి మనసు. కోర్సు మళ్ళీ చదివితే కొత్త గ్రేడే తీసుకునేవాళ్ళు. 2017లో వాళ్ళూ మానేశారు.

గోదావరి పుష్కరాల్లో మునిగితే చేసిన పాపాలు పోతాయంటారు, కాకపోతే పన్నెండేళ్ళకోసారి. టెక్సాస్ ప్రభుత్వం ఇంకొంచెం దయగలది, పదేళ్ళకే వదిలేస్తుంది. అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ అని చట్టమే ఉంది. పదేళ్ళు దాటిన కోర్సులు చూడొద్దని ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళు అడగొచ్చు, ఇక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళ దరఖాస్తులోనూ ఆ మాట చెల్లుతుంది. మెలిక ఏమిటంటే పాపాలతో పాటు పుణ్యాలూ కొట్టుకుపోతాయి. ఆ నాటి ఎలు కూడా లెక్కకి రావు, కావలసిన సైన్సంతా మళ్ళీ చదవాలి. పైగా మావాడి మొదటి ఏడాది పాపాలు తీరేసరికి వాడికి ఇరవై తొమ్మిదొస్తాయి. అప్పటికి వాడి పెళ్ళి గురించి కూడా మీలాంటి అంకెలతోనే మాట్లాడతారు మనవాళ్ళు.

నేను అకౌంట్స్ పని చేసేదాన్ని, ఒక ఆదివారం కూర్చుని మీ లెక్క తీశాను. 120 క్రెడిట్లు, అంటే కోర్సుల బరువు, 2.8 చొప్పున 336 పాయింట్లు. పోస్ట్‌బ్యాక్‌లో ఏడాదికి 30 క్రెడిట్లు, అన్నింట్లోనూ ఎ వచ్చిందనుకుందాం. అది 120 పాయింట్లు. మొత్తం 456ని 150తో భాగిస్తే 3.04. ఏడాది నిద్ర, ఏడాది ఫీజు, ఏడాది పాటు నా టెన్షన్, అన్నీ తీసుకుని మీరు కదిలేది 0.24. సరే, 3.5 దాకా లేపాలంటే ఎంత పడుతుందో చూద్దామనుకున్నా. 168 క్రెడిట్లు! అన్నీ ఎలే రావాలి. డిగ్రీ మొత్తానికే 120 చాలు కదండీ. మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళ సగటేమో 3.8కి అటూ ఇటూ. అక్కడికి లెక్క వెయ్యలేదు, మా ఆయన కాలిక్యులేటర్ లాక్కున్నారు.

మీ పేరు చెప్పుకుని ఎంతమంది బతుకుతున్నారో కూడా రాయాలి. గంటకింతని తీసుకునే కన్సల్టెంట్లు. 'మీ జీపీఏ తక్కువా? దిగులొద్దు' అని కరీబియన్ దీవుల మెడికల్ స్కూళ్ళ నుంచి ఈమెయిళ్ళు, కింద కొబ్బరిచెట్ల ఫొటో. స్పెషల్ మాస్టర్స్ అని ఇంకొకటుంది. డాక్టరీ పిల్లలు చదివే స్థాయి పాఠాలే ఏడాది చదివి, వాళ్ళకి దీటుగా మార్కులు తెచ్చుకుంటే 'వీడు తట్టుకోగలడు' అని నమ్ముతారట. బాగుంది. కానీ ఆ మార్కులు గ్రాడ్యుయేట్ అనే విడి వరసలోకి పోతాయి, మీరు వెంట్రుకవాసి కూడా కదలరు. ఇక మెడికల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ బాగా రాస్తే మీ సంగతి మర్చిపోతారని ఆశపెట్టేవాళ్ళు కొందరు. 472 నుంచి 528 దాకా మార్కులట, సున్నా వీళ్ళకి ఏం అన్యాయం చేసిందో. ఏడున్నర గంటలు కూర్చోవాలి. జీవితంలో ఏడుసార్లకి మించి రాయనివ్వరు. అంకె మంచిదొస్తే మీ పక్కన గౌరవంగా కూర్చుంటుంది, మిమ్మల్ని లేవమని మాత్రం అనదు.

కోపంతో మొదలుపెట్టాను గానీ, ఇంకో మాట కూడా మీకు తెలియాలి. ఆమ్‌కాస్ కాగితంలో మీరొక్కరే ఉండరు. ఏడాదికో వరస వేస్తారు, ఫ్రెష్‌మన్ నుంచి సీనియర్ దాకా, దాని కింద పోస్ట్‌బ్యాక్. మావాడివి 2.1, 2.4, 3.2, 3.5, చివర పోస్ట్‌బ్యాక్‌లో ఇప్పటిదాకా 4.0. చదివే మనిషి వేలు పై నుంచి కిందికి జారిస్తే చాలు, ఏం జరిగిందో కథంతా అక్కడే ఉంది. చిక్కల్లా అంత దూరం చదివించుకోవడంలోనే. 3.0 కింద ఉంటే కొన్ని చోట్ల దరఖాస్తు మనిషి చేతిదాకా రాదని పిల్లలు చెప్పుకుంటారు. అందుకని మా ఇంట్లో ఇప్పుడు మీకున్న పని ఒక్కటే, ఆ గీత దాటడం. ఏడాది ఫీజు కట్టి కొనుక్కుంటున్నది ఆ పైన కనపడే 0.04. వస్తువు చిన్నదే, బంగారమైనా ఇంత ధర పలకదు.

కాబట్టి విన్నపం. జూన్‌లో దరఖాస్తు పంపుతున్నాం. మీరెటూ ముందు కూర్చుంటారు, ఆపలేం. గుమ్మానికి అడ్డంగా మాత్రం కూర్చోకండి. వెనకాల ఉన్న 4.0 కొంచెం మొహమాటస్థురాలు, తనంతట తాను ముందుకు రాదు.

ఇట్లు,
విధేయురాలు, మీ లెక్క తెలిసిన తల్లి

తా.క.: మా అమ్మాయి ఆగస్టులో కాలేజీకి వెళ్తోంది. అన్నయ్యని చూసి జాగ్రత్తపడి, పన్నెండో తరగతిలోనే మెడికల్ సీటు ఖాయం చేసే బీఎస్ ఎండీ ప్రోగ్రాంలో చేరింది. ఎంక్యాట్ కూడా అక్కర్లేదట. షరతు ఒక్కటే అంది. మీరు 3.5 కిందికి దిగకూడదట.