మెడల్ కాలమ్‌లో మా నాన్నగారి యుద్ధం లేదట

మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ కవరు ఇచ్చి వెళ్ళాడు. సైన్యం రికార్డ్ ఆఫీసు నుంచి. నాన్నగారు కళ్ళజోడు వెతుక్కునేలోపే నేను చింపి చదివేశాను. అప్పట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది. పొడుగు పోస్టు, ఓపిక లేనివాళ్ళు దాటేసి వెళ్ళిపోండి.

నాన్నగారు మాజీ జవాను. సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చిన ఆయన డిశ్చార్జ్ బుక్‌లో రెండు మెడల్స్ ఎక్కలేదు. పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్. రెండూ 1971 యుద్ధానివే. ఆయన బతికుండగానే ఆ రెండూ ఎక్కించండని అర్జీ పెట్టాం. వచ్చిన జవాబు మూడంటే మూడు లైన్లు. మా వద్దనున్న పత్రాల ప్రకారం సదరు మెడల్స్ మంజూరైనట్టు నమోదు లేదు, తమ దగ్గర పార్ట్ టూ ఆర్డర్ ప్రతి ఉంటే పంపగలరు. అంతే. కింద ఒక గుర్తుపట్టలేని సంతకం.

పార్ట్ టూ ఆర్డర్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. జవాను సెలవు మీద వెళ్ళినా, పెళ్ళి చేసుకున్నా, బిడ్డ పుట్టినా, ప్రమోషన్ వచ్చినా, మెడల్ వచ్చినా యూనిట్ ఆఫీసులో ఒక ఆర్డర్ వేస్తారు. దాన్ని రికార్డ్ ఆఫీసుకి పంపుతారు. అక్కడ షీట్ రోల్‌లో, అంటే జవాను సర్వీసు వివరాల పత్రంలో, ఎక్కిస్తారు. ఆర్డర్ వేసేది వాళ్ళు, అందుకునేది వాళ్ళు, జాగ్రత్త చేయాల్సింది వాళ్ళు. యాభై ఏళ్ళు దాటాక దాని కాపీ తెమ్మని అడిగేది మాత్రం ట్రంకు పెట్టె, బెడ్డింగు మోసుకుంటూ దేశమంతా తిరిగిన సిపాయిని! అడంగల్ రాసిన కరణమే మన గుమ్మంలోకి వచ్చి, నీ పొలం అడంగల్ కాపీ చూపించు, లేకపోతే నీకు పొలం లేనట్టే అన్నట్టుంది.

నాన్నగారు ఆ యుద్ధంలో ఎక్కడున్నారో మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. వాళ్ళ యూనిట్ అగర్తల వైపు నుంచి అప్పటి తూర్పు పాకిస్తాన్, ఇప్పటి బంగ్లాదేశ్ లోపలికి వెళ్ళింది. అఖౌరా దాటాక ఆశుగంజ్ దగ్గర మేఘనా నది అడ్డం. పాకిస్తాన్ వాళ్ళు వెనక్కి పోతూ పోతూ దాని మీది రైలు వంతెన పేల్చేశారు. డిసెంబర్ 9 నుంచి మన హెలికాప్టర్లు జవాన్లని అవతలి ఒడ్డుకి చేరవేశాయి. వాటిలో చోటు దొరకనివాళ్ళు నాటు పడవలెక్కారు. నాన్నగారు పడవ ఎక్కినవాళ్ళలో ఒకరు. గోదావరి పక్కన పుట్టిన మనిషి కదా, పడవ ఒరుగుతుంటే ఎవరెటు కూర్చోవాలో ఆయనే చెప్పారట. అంత నీళ్ళు ఎప్పుడూ చూడని పంజాబ్ కుర్రాడొకడు అవతలి ఒడ్డు చేరేదాకా ఆయన బెల్టు పట్టుకుని వదల్లేదట. ఆ కుర్రాడి గురించి చెప్పినప్పుడల్లా నాన్నగారు బెల్టు ఉండే చోట చెయ్యి పెట్టుకుంటారు. పంచె కట్టుకుని ఉన్నా సరే.

అదే పడవలో దాటిన గుంటూరు జిల్లా బాబాయి పుస్తకంలో పూర్వీ స్టార్ ఉంది. ఆయన ఇప్పుడు లేరు. వాళ్ళబ్బాయి ఆ పేజీ ఫోటో తీసి పంపాడు. ఒకే కంపెనీ, ఒకే నది, ఒకే పడవ. ఒకరికి ఉంది, ఒకరికి లేదు.

ఎందుకు లేదో మేం అర్జీలోనే వివరంగా రాశాం. ఈ మెడల్స్ యుద్ధం అయ్యాక ప్రకటించినవి. యూనిట్లలో పేర్ల జాబితా తయారుచేసింది ఆ తర్వాత. నాన్నగారు 1972 జనవరిలో మలేరియాతో మిలటరీ హాస్పిటల్లో పడ్డారు. లేచాక పాత యూనిట్‌కి పంపలేదు, వేరే చోటికి పోస్టింగ్ వేశారు. పాత యూనిట్ జాబితాలో ఆయన పేరు లేదు, మనిషి అక్కడ లేడు కాబట్టి. కొత్త యూనిట్ జాబితాలోనూ లేదు, యుద్ధంలో వాళ్ళతో లేడు కాబట్టి. ఇలా రెంటి మధ్యా జారిపోయినవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి. గాయపడి హాస్పిటల్‌కి వెళ్ళినవాళ్ళు, కోర్సుకి వెళ్ళినవాళ్ళు, పోస్టింగ్ మీద వెళ్ళినవాళ్ళు. అసలు దెబ్బ తిన్నవాళ్ళకే పేరు తప్పిపోయే ఏర్పాటు ఇది!

అన్నిటికంటే నన్ను కాల్చేస్తున్నది ఇది. అదే డిశ్చార్జ్ బుక్‌లో, అదే మెడల్ కాలమ్‌లో, 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ ఎక్కించి ఉంది. అది 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్ళకి ఇచ్చింది. మొదటి పేజీలో భర్తీ అయిన సంవత్సరం 1967 అని ఉంది. 1967లో చేరాడని రాసింది మీరే. 1972లో ఉన్నాడని మెడల్ ఇచ్చింది మీరే. అలాంటప్పుడు 1971 డిసెంబర్లో ఆ మనిషి ఎక్కడున్నాడని మీ ఉద్దేశం? మీ షీట్ రోల్ తిప్పి చూస్తే ఆ నెల ఏ యూనిట్లో ఉన్నాడో ఉంటుంది. ఆ యూనిట్ ఆ నెల ఎక్కడుందో మీ చరిత్ర పుస్తకాల్లోనే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఎంత సేపు? ఆ ఒక్క పనీ చేయకుండా డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని సాక్ష్యం తెమ్మంటారా?

ఏ రెజిమెంటో, ఏ ఆఫీసో ఇక్కడ చెప్పను. చెబితే ఉన్న ఫైలు కూడా మూలన పడేస్తారని నాన్నగారి భయం.

మొదట ఈ పని మీద జిల్లా ఆఫీసుకి వెళ్ళినప్పుడు అక్కడి ఒకాయన అడిగాడు, "దీనివల్ల పెన్షన్ ఏమన్నా పెరుగుతుందామ్మా?" లేదండీ అన్నాను. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర లాంటి శౌర్య పతకాలకి నెల నెలా భత్యం ఉంటుంది, యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చే మెడల్‌కి పైసా రాదు, నాకూ తెలుసు. "మరి ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మా" అన్నాడాయన. నాన్నగారు పక్కనే కుర్చీలో ఉన్నారు. ఏమీ మాట్లాడలేదు. ఆయన ముందు ఆ మాట ఎలా అనగలిగావయ్యా? డబ్బు రాకపోతే ఆ మనిషి యుద్ధానికి వెళ్ళినట్టు నువ్వు ఒప్పుకోనక్కర్లేదా?

డిసెంబర్ 16 వస్తే మాత్రం అందరికీ నాన్నగారు గుర్తొస్తారు. విజయ్ దివస్ అని స్కూలు వాళ్ళు పిలుస్తారు, లయన్స్ క్లబ్ వాళ్ళు పిలుస్తారు, ఎమ్మెల్యే గారి మనుషులు కారు పంపుతారు. ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగిపోయాడు, 93,000 మంది ఆయుధాలు కింద పెట్టారు అని మైకులో అరుస్తారు. శాలువా కప్పి ఫోటో తీస్తారు. మా బీరువాలో ఒక అర నిండా ఆ శాలువాలే. కప్పినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, అయ్యా మీ కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని అడగలేదు. విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఆ ఊరి ముందరి సముద్రంలోనేనని? యుద్ధం మన గుమ్మందాకా వచ్చిన ఊరది. అక్కడ కూడా అది సాయంత్రం షికారుకి వెళ్ళే చోటయిపోయింది.

ఇప్పుడు నాన్నగారి కోటుకి ఉన్న మెడల్స్‌లో కొన్ని బజారువి. ఇది చెప్పడానికి నాకు సిగ్గు లేదు, సిగ్గుపడాల్సింది ఇంకొకరు. అసలు మెడల్స్ ఏళ్ళ తరబడి అందకపోవడం సైన్యంలో అందరికీ తెలిసిన సంగతే. కంటోన్మెంట్ల దగ్గర యూనిఫాం కుట్టే దుకాణాల్లో అమ్ముతారు, టైలర్ కాపీ అంటారు. జవాన్లూ కొనుక్కుంటారు, ఆఫీసర్లూ కొనుక్కుంటారు. అసలు మెడల్ అంచు చుట్టూ జవాను నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. బజారు దాని అంచు నున్నగా ఉంటుంది. మా అబ్బాయి చిన్నప్పుడు తాతగారి మెడల్స్ ఒక్కొక్కటే తిప్పి చూసి, దీని మీద నీ పేరుంది, దీని మీద లేదేం తాతా అని అడిగేవాడు.

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. వాడు చెప్పాకే నాకీ సంగతి తెలిసింది. అమెరికాలో 1973 జూలైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనం తగలబడింది. 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు పోయాయి. 1912 నుంచి 1960 వరకు సైన్యం నుంచి బయటికొచ్చినవాళ్ళ కాగితాల్లో దాదాపు 80 శాతం బూడిద. అయినా మీ కాగితం కాలిపోయింది, ఇక పొండి అనలేదు. జీతాల లెక్కలు, హాస్పిటల్ చీటీలు, యూనిట్‌లో రోజూ రాసిన రిపోర్టులు, దొరికిందల్లా పోగేసి రికార్డు మళ్ళీ కట్టారు. మన డిశ్చార్జ్ బుక్ లాంటి కాగితాన్ని అక్కడ డీడీ 214 అంటారు. దాంట్లో మెడల్ తప్పిపోతే దిద్దుబాటుకి డీడీ 215 అని విడిగా ఒక కాగితమే ఉంది. అంటే తప్పులు జరుగుతాయని వాళ్ళు ముందే ఒప్పుకున్నారు. అక్కడా ఆలస్యాలున్నాయట, అక్కడి ముసలివాళ్ళూ ఏడుస్తారట. కానీ ఆఫీసు కాలిపోయినవాళ్ళు వెతికి పెడుతుంటే, నిక్షేపంగా బీరువాలున్నవాళ్ళు మమ్మల్ని వెతకమంటున్నారు!

మా వీధిలో ఇంకొకాయన ఉన్నారు. శ్రీలంక వెళ్ళారు, 1987లో, ఆపరేషన్ పవన్‌కి. జాఫ్నాలో ఉన్నారు. వెయ్యి మందికి పైగా మనవాళ్ళు చచ్చిపోయిన యుద్ధం అది. దాని పేరు ఈ దేశంలో ఎవరైనా ఎత్తుతారా? ఆయన తండ్రి పోతే ఇంటి బాధ్యతలు మీదపడి, పెన్షన్‌కి సరిపడా సర్వీసు నిండకుండానే వచ్చేశారు. పెన్షన్ లేనివాళ్ళ ఫైళ్ళు 25 ఏళ్ళు దాటితే నాశనం చేసెయ్యొచ్చట, రూలు ఉందట. ఆయన మెడల్ గురించి అడిగితే, మీ ఫైలు నాశనం చేశాం అని వచ్చింది. మా నాన్నగారికి కనీసం ఫైలుంది. ఆయనకి అదీ లేదు. మోకాలి కింద మచ్చ మాత్రం ఉంది.

కాగితాల గురించి ఎవరైనా మాట్లాడితే నాకు మా మిలటరీ పట్టా గుర్తొస్తుంది. అది ఇంకా పాత మంట. మాజీ సైనికుల కోటాలో నాన్నగారికి మెట్ట భూమి ఇచ్చారు. రాళ్ళు ఏరి, బోరు వేసి, జీడిమామిడి పెట్టారు. పదేళ్ళు దాటితే మాజీ సైనికులు ఆ భూమి అమ్ముకోవచ్చని 1993లోనే జీవో 1117 ఉంది. అక్క పెళ్ళికి ఒక ఎకరం అమ్ముదామని వెళ్తే, 22ఏ నిషేధిత జాబితాలో ఉంది, రిజిస్ట్రేషన్ కాదు అన్నారు. జీవో కాపీ చూపిస్తే కలెక్టర్ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తెమ్మన్నారు. అక్కడికి వెళ్తే పట్టాలో పేరూ డిశ్చార్జ్ బుక్‌లో పేరూ కలవట్లేదన్నారు. ఎలా కలుస్తుంది? భర్తీ రోజున రాసుకున్న గుమస్తా మన ఇంటిపేరుని అసలు పేరనుకుని, అసలు పేరుని సగం కోసేశాడు. పదిహేడేళ్ళ సర్వీసంతా నాన్నగారిని తోటివాళ్ళు ఇంటిపేరుతోనే పిలిచారు. పెళ్ళి ముహూర్తం ఆగదు కదా, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి చేశాం. మాతోపాటు ఆ సర్వే నంబర్లోనే పక్క చెక్క ఆక్రమించుకున్నవాడు మాత్రం ఏ కాగితం లేకుండా హాయిగా షెడ్డు వేసుకున్నాడు. దేశం ఇచ్చిన భూమి అమ్ముకోనివ్వరు, దేశం ఇచ్చిన మెడల్ పుస్తకంలో ఎక్కించరు. జవానుకి ఇచ్చేది ఏదైనా సగమే ఇస్తారా?

"ఈ గొడవంతా ఎందుకు, నాన్నగారు నెమ్మదస్తులు కదా" అని బంధువులు నాకు హితవు చెబుతున్నారు. ఆయన నెమ్మదస్తులే. అందుకే ఇన్నాళ్ళు అడగలేదు. 1984లో డిశ్చార్జ్ అయినప్పుడు పుస్తకం చూసుకుని, పర్వాలేదు తర్వాత వస్తాయి అనుకున్నారట. ఆ నమ్మకంతోనే నలభై ఏళ్ళు కూర్చున్నారు. ఆయన మంచితనాన్ని ఆఫీసులు వాడుకున్నాయి. నేను వాడుకోనివ్వను.

వాళ్ళకి మళ్ళీ రాస్తున్నాను. బాబాయి పుస్తకం పేజీ, హాస్పిటల్ చీటీ, 25వ మెడల్ ఎంట్రీ, అన్నీ జతచేసి. దానికీ ఇదే జవాబు వస్తే సాయుధ దళాల ట్రిబ్యునల్, చెన్నై బెంచి. ఈ వయసులో నాన్నగారిని రైలెక్కించి తీసుకెళ్తావా అని అమ్మ కోప్పడుతోంది. తీసుకెళ్తాను. నేను పక్కన కూర్చుంటాను.

మీ నుంచి నాకు కావాల్సింది ఒకటుంది. 1971లో అగర్తల వైపు నుంచి వెళ్ళి మేఘనా దాటినవాళ్ళు మీ ఇళ్ళల్లో, మీ ఊళ్ళల్లో ఎవరైనా ఉంటే చెప్పండి. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం వాళ్ళు ఈ పోస్టు చూస్తే పెద్దవాళ్ళకి చదివి వినిపించండి, అక్కడ ఇంటికో ఫౌజీ ఉంటారు. నాన్నగారిని ఆ డిసెంబర్లో చూశామని ఒక అఫిడవిట్ మీద సంతకం పెట్టగలిగినవాళ్ళు కావాలి. యూనిట్ పేరు ఇన్‌బాక్స్‌లో చెబుతాను. అలాగే మీ నాన్నల, తాతల డిశ్చార్జ్ బుక్ ఈ రాత్రే బయటికి తీసి మెడల్ కాలమ్ చూడండి, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ సంవత్సరం ఎక్కడున్నారో అడుగుతూ చూడండి. దయచేసి కామెంట్లలో సెల్యూట్ బొమ్మలు పెట్టి వెళ్ళిపోకండి. నాకు ఫోన్ నంబర్లు కావాలి.