అభిప్రాయం మీది, నిర్ణయం మాది

పేదవాడి ఆరోగ్యం పేదవాడి చేతుల్లోనే ఉందన్న సత్యాన్ని కనిపెట్టినవారికి తగిన గౌరవం దక్కలేదని ఆరోగ్య పథకాల సలహాదారుగా నా బాధ. నీళ్లు మురికివైతే కాచుకొని తాగాలి. దోమలుంటే తొట్లు బోర్లించాలి. కూలి చాలక అర్ధాకలితో ఉంటే పోషకాహారం మీద వేసిన గోడపత్రిక చదువుకోవాలి. ఇంత చవకైన వైద్యం మరొకటి లేదు. మంచినీటి గొట్టానికి బోలెడు ఖర్చు, గోడపత్రికకు జిగురు చాలు.

ఈ శాస్త్రానికి మొదట ద్రోహం తలపెట్టినవాడు రుడాల్ఫ్ విర్కో. 1848లో పోలిష్ మాట్లాడే పేదలుండే ఎగువ సైలీసియాలో టైఫస్ జ్వరం ప్రబలితే, చూసి రమ్మని నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం ఈ 26 ఏళ్ల వైద్యుణ్ని పంపింది. వెళ్లినవాడు నాలుగు నాడులు పట్టి, ఏదో కషాయం రాసి తిరిగి రావాలా వద్దా? ప్రజాస్వామ్యం కావాలని, బడులు, రోడ్లు కావాలని, పోలిష్ భాషకు హోదా ఇవ్వాలని, పన్నుల భారం పేదల మీద నుంచి తీసి ఉన్నవాళ్ల మీద పెట్టాలని నివేదిక రాశాడు. జ్వరానికి మందడిగితే ఖజానా లెక్కలు తిరగేశాడన్నమాట! ఆ మరుసటి ఏడే, రాజకీయాల్లో తలదూర్చినందుకు బెర్లిన్‌లో అతని కొలువుకు ఎసరు వచ్చింది. అప్పటి పాలకులకు రోగ నిర్ధారణ తెలిసినట్టే ఉంది.

అయినా ఈ తెగులు పూర్తిగా పోలేదు. 1960లలో అమెరికాలోని మిసిసిపీ డెల్టాలో జాక్ గైగర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కలిసి ఆరోగ్య కేంద్రం తెరిచారు. తిండిలేక చిక్కిపోయిన పిల్లలు వస్తే మందుల చీటీ మీద ఆహారం రాసిచ్చారు. ఖర్చు మందుల పద్దులో వేశారు. ఇదేం పద్ధతని పైవాళ్లు నిలదీస్తే, పోషకాహార లోపానికి మా పాఠ్యపుస్తకాల్లో ఉన్న మందు ఆహారమే కదా అని గైగర్ జవాబిచ్చాడు. అంతటితో ఆగారా? స్థానికులు బావులు తవ్వుకోవడానికి, సహకార వ్యవసాయం మొదలుపెట్టుకోవడానికి కూడా తోడు నిలిచారు. రోగికి జబ్బు నయం చేస్తే వైద్యం. మళ్లీ జబ్బు పడకుండా పొలం చూపిస్తే అది మా పరిభాషలో పరిధి దాటడం.

1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా-ఆటాలో 134 దేశాలు సమావేశమై, 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అందిస్తామన్నాయి. తమ ఆరోగ్య సంరక్షణను రూపొందించుకోవడంలో పాల్గొనే హక్కూ, బాధ్యతా ప్రజలకు ఉన్నాయని ప్రకటించాయి. మేము పొదుపు మనుషులం గనుక హక్కును బీరువాలో భద్రపరచి, బాధ్యతను మాత్రం వెంటనే పంచిపెట్టాం. మరుసటి ఏడే కొందరు పరిశోధకులు, అన్నీ చేయలేం గనుక తక్కువ ఖర్చుతో లెక్కకు అందే నాలుగు పనులు ఎంచుకుందామని ప్రతిపాదించి మాకు ఊపిరి పోశారు. ఇక 2000 సంవత్సరమంటారా, అది చెప్పిన వేళకే వచ్చింది. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

పథకాల్లో ప్రజల భాగస్వామ్యాన్ని కొలవడానికి 1969లోనే షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ ఎనిమిది మెట్ల నిచ్చెన గీశారు. అట్టడుగున మభ్యపెట్టడం, కొసన పౌరుల చేతికే అధికారం, నాలుగో మెట్టు మీద సంప్రదింపులు. మేము ఆ నాలుగో మెట్టు మీద కుర్చీలు వేసుకొని కూర్చున్నాం. ఇంకా పైకెక్కితే బడ్జెట్ కాగితాలు వాళ్ల చేతికివ్వాల్సి వస్తుంది. ఇక్కడైతే ఏ ఇబ్బందీ లేదు. కమిటీ వేస్తాం, రిజిస్టరు తెరుస్తాం, సంతకాలు తీసుకుంటాం. వాళ్లు మురుగు కాలువ కావాలంటారు. మా పథకంలో ఈ ఏడాది చేతులు కడుక్కోవడం ఉంటుంది. అభిప్రాయాలు సేకరించినట్టు రాసుకొని చేతుల కార్యక్రమం మొదలుపెడతాం. కడుక్కోవడానికి నీళ్లేవని ఎవరైనా అడిగితే, నీళ్లు వేరే శాఖ.

ఇంటింటికీ తిరిగి గర్భిణులను, పసిపిల్లలను కనిపెట్టుకొని ఉండే ఆరోగ్య కార్యకర్తల సంగతి మరింత సున్నితం. వీరిలో అధికులు మహిళలు. పనికి తగిన వేతనం వీరికి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మార్గదర్శకాలే జారీచేసింది. ఎంత తొందరపాటు! చేతిలో డబ్బు పడితే వాళ్ల సేవాభావం చెడిపోదా? సలహాదారుల సేవాభావం ఏనాడో చెడిపోయింది గనుక మాకు ఎంత ముట్టజెప్పినా కొత్తగా పోయేదేమీ లేదు.

బ్రిటన్ ప్రభుత్వోద్యోగుల మీద జరిగిన వైట్‌హాల్ అధ్యయనం కూడా చదివాను. హోదా తగ్గేకొద్దీ మరణాల రేటు పెరిగింది. అట్టడుగు శ్రేణిలో అది పై శ్రేణికి దాదాపు మూడు రెట్లు. పొగతాగడం, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. వీళ్లంతా స్థిరమైన ప్రభుత్వ కొలువుల్లో ఉన్నవాళ్లే. దీనికి పరిష్కారంగా కింది శ్రేణి వారికి ధ్యాన తరగతులు సూచించాను. హోదాలు సర్దుతామంటే నా కుర్చీ కూడా అందులో వస్తుంది.

మొన్న సమావేశంలో ఒక కుర్ర అధికారి లేచి సందేహం అడిగాడు. సంపన్నులుండే వీధుల్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, చెత్తబండి వేళకు వస్తుంది, పిలిస్తే అంబులెన్సు పలుకుతుంది. అక్కడ ఆరోగ్య కమిటీ లేదు, శ్రమదానం లేదు, సంతకాల రిజిస్టరు లేదు. భాగస్వామ్యం అంత గొప్పదైతే ఆ భాగ్యం వాళ్లకెందుకు కలిగించలేదన్నాడు. మేము గంటసేపు చర్చించి, వాళ్లకు తీరిక ఉండదని తేల్చాం. రోజుకు రెండు పనులు చేసుకొనేవాళ్లకు మూడో పని ఒక లెక్క కాదు. అయినా నిష్పక్షపాతంగా ఉందామని, ఆ వీధుల్లోకి వెళ్లి పార పట్టండని చెప్పివచ్చేదెవరని సభను అడిగాను. స్వచ్ఛందంగా అని కూడా అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు.