హర్డిల్ జెండా: చూపు డిఫెండర్ మీద ఉండాలి

2024 నవంబర్ 3న ఫిలడెల్ఫియా ఈగల్స్, జాక్సన్‌విల్ జాగ్వార్స్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. బంతి పట్టుకున్న సాక్వాన్ బార్క్‌లీ గిర్రున తిరిగి, డిఫెండర్ వైపు వీపు పెట్టి, వెనక్కి ఎగిరి అతని మీదుగా దాటేశాడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో, అందులో తప్పేమీ లేదు. హైస్కూల్ ఆటలో మాత్రం నిలబడ్డ ప్రత్యర్థి మీదుగా ఎగరడం, అంటే హర్డిల్, ఫౌల్. అదే బార్క్‌లీ పెన్సిల్వేనియాలోని వైట్‌హాల్ హైస్కూల్‌కు ఆడే రోజుల్లో అలా ఎగిరి ఉంటే ఫౌల్ అని చెప్పే అధికారి పసుపు జెండా పడే అవకాశమే ఎక్కువ.

మన కబడ్డీలో కూతకెళ్లినవాడు డిఫెండర్ల మీదుగా ఎగిరి గీత అందుకుంటే జనం లేచి ఈలలు వేస్తారు. అందుకే ఈ నిబంధన మనవాళ్లకు మొదట్లో అన్యాయంగా అనిపిస్తుంది. పైగా టెక్సస్ హైస్కూళ్లు కాలేజీ నిబంధనలను అనుసరిస్తాయి. అక్కడ బంతి ఉన్నవాడు ఎగరొచ్చు. ఫ్రిస్కోలో ఆడిన తెలుగు కుర్రాడు నాన్న ఉద్యోగం మారి ఒహాయో వెళ్తే, నిన్నటిదాకా చప్పట్లు తెచ్చిన గెంతే ఫౌల్ అవుతుంది.

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్, అంటే హైస్కూల్ క్రీడల జాతీయ సమాఖ్య, హర్డ్లింగ్‌ను ఇలా నిర్వచిస్తుంది: పాదాలో మోకాళ్లో ముందుంచి, పాదాలు తప్ప ఒంట్లో మరే భాగమూ నేలను తాకని ప్రత్యర్థి మీదుగా దూకే ప్రయత్నం. శిక్ష 15 గజాలు. ఈ నిబంధన ఉండాలనే నేను గట్టిగా నమ్ముతాను. పదహారేళ్ల పిల్లవాడి మోకాలు ఎదుటివాడి తల ఎత్తులో దూసుకొస్తుంది. గాల్లో ఉన్నవాడికి ఎవరి భుజమైనా తగిలితే తలకిందులుగా పడతాడు.

గొడవంతా 'ప్రయత్నం' అన్న మాటతోనే. "తగల్లేదు కదా, శుభ్రంగా దాటాడు కదా" అని గ్యాలరీలోంచి అరుస్తారు. తగలకపోయినా ఫౌలే. పూర్తిగా దాటలేక డిఫెండర్ మీద పడ్డా ఫౌలే. డిఫెండర్ చెయ్యో మోకాలో అప్పటికే నేల మీద ఉంటే మాత్రం ఎంత ఎత్తు ఎగిరినా ఫౌల్ కాదు. అతని పక్కనుంచి గెంతినా, తల ముందుకు పెట్టి డైవ్ చేసినా హర్డిల్ కిందికి రాదు.

అసలు చిక్కు, రన్నర్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) చీలమండలు అందుకోవడానికి డిఫెండర్ డైవ్ చేసినప్పుడు వస్తుంది. ఒళ్లంతా నేలకు సమాంతరంగా గాల్లో ఉంటుంది. చెయ్యి ఇంకా నేలకు తగల్లేదు, పాదాలూ నేల మీద లేవు. ఇలాంటివాణ్ణి కాళ్ల మీద నిలబడ్డ ప్రత్యర్థిగా లెక్కేయడం నాకు సరి అనిపించదు. తన కాళ్లను కాపాడుకోవడానికి ఎగిరిన రన్నర్‌ను శిక్షిస్తే నిబంధన ఎవరి కోసం పుట్టిందో వాళ్లకే ఎదురు తిరిగినట్టు.

శుక్రవారం రాత్రి ఆట ఊహించుకోండి. ప్రత్యర్థి వైపు 30 గజాల గీత దగ్గర కుర్రాడు ఎగిరాడు, బంతితో చివరి గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. బ్యాండ్ మోగుతోంది, అమ్మానాన్నలు నిలబడి కేకలేస్తున్నారు. వెనక చూస్తే గడ్డి మీద జెండా. టచ్‌డౌన్ పోయింది, బంతి 45కు వెళ్లింది, ఆ డౌన్ (బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక విడత ఆట) మళ్లీ ఆడాలి. మామూలు లీగ్ మ్యాచ్‌లో సాధారణంగా వీడియో రీప్లే ఉండదు. లీగ్ దశ ముగిశాక జరిగే పోస్ట్‌సీజన్ మ్యాచ్‌ల్లో వాడుకోవడానికి మాత్రం 2019లో రాష్ట్రాలకు అనుమతి వచ్చింది. అంటే ఆ అర సెకనులో ఒక మనిషి కళ్లు చూసిందే తీర్పు.

ఆ కళ్లు సహజంగా పైకి ఎగిరినవాడి వెంట పోతాయి. చూడాల్సింది కింద ఉన్నవాణ్ణి. జెండా వేసిన అధికారి సైడ్‌లైన్‌కు వెళ్లి కోచ్‌తో "మీవాడు ఎగిరినప్పుడు 5వ నంబర్ రెండు కాళ్ల మీద ఉన్నాడు, చెయ్యి గానీ మోకాలు గానీ కింద లేదు, నేను చూశాను" అని చెప్పగలగాలి. ఆ మాట తడబడకుండా చెప్పలేననుకుంటే జెండా నడుముకే ఉండనివ్వాలి.