పారలకు ఆనుకున్నవారి కట్టడాలు

ఆర్థిక మహామాంద్యం రోజుల్లో అమెరికా వ్యంగ్యచిత్రకారులకు చేతినిండా పని పెట్టినవాడు ప్రభుత్వ ఉపాధి కూలీ. పారను నేలకు ఆనించి, దానిమీద ఒరిగి పొద్దుపుచ్చే సోమరిగా అతణ్ని గీశారు. ఆ కూలీలకు పని చూపిన ప్రభుత్వ సంస్థ వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్‌కు డబ్ల్యూపీఏ అన్నది పొట్టి పేరు. ఆ పొడి అక్షరాలకు వెటకారపు అర్థాలు అల్లారు. పన్నులు కట్టేవారి సొమ్ము తగలేస్తున్నారని కొన్ని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. మా వృత్తివారి రాతలే కాబట్టి వాటిని తిరగదోడదలచుకోలేదు. ఆ కూలీలు కట్టినవాటిలో ఏవి నిలిచాయో, ఎలా నిలిచాయో చూస్తే చాలు.

1933లో ఆ దేశంలో ప్రతి నలుగురు శ్రామికుల్లో ఒకరికి పని లేదు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో డబ్ల్యూపీఏను పెట్టి ఆయన సలహాదారు హ్యారీ హాప్కిన్స్ చేతికి అప్పగించింది. యుద్ధకాలంలో, 1943లో మూతపడేలోగా అది దాదాపు 85 లక్షల మందికి కూలి ఇచ్చింది. కొత్తవీ బాగుచేసినవీ కలిపి సుమారు ఆరున్నర లక్షల మైళ్ల రోడ్లు, లక్షకు పైగా ప్రభుత్వ భవనాలు దాని ఖాతాలో ఉన్నాయి. కట్టించిన మరుగుదొడ్లే 20 లక్షలు దాటాయి. వాటి ముందు నిలబడి ఎవరూ ఫొటో దిగరు గానీ, మా లెక్కలో వంతెనల కన్నా అవే ముందుంటాయి.

న్యూయార్క్‌కు రాకపోకలు సాగించే తెలుగువారికి లాగార్డియా విమానాశ్రయం పరిచయమే. 1939లో ప్రారంభమైన ఆ విమానాశ్రయం డబ్ల్యూపీఏ నిర్మాణమే. శాన్ ఆంటోనియోలో పర్యాటకులతో కిటకిటలాడే నదీతీరపు నడకదారి, డాలస్‌లో కెన్నెడీ హత్య జరిగిన డీలీ ప్లాజా, అమెరికా అధ్యక్షులు విశ్రాంతికీ రాయబారాలకూ వాడుకునే క్యాంప్ డేవిడ్ కూడా ఆ పారల చలవే. క్యాంప్ డేవిడ్‌ను మొదట కట్టింది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు విడిదిగా!

వీటిలో దగ్గరికి వెళ్లి చూడవలసింది ఒరెగాన్ రాష్ట్రంలో హుడ్ పర్వతం మీద 1937లో రూజ్‌వెల్ట్ ప్రారంభించిన టింబర్‌లైన్ లాడ్జ్. అక్కడి మెట్ల పక్కన నిలిచిన గుంజలు ఒకప్పుడు తీగలు మోసి, పనికిరావని తీసిపారేసిన స్తంభాలు. వాటి తలలను పక్షులుగా, జంతువులుగా చెక్కారు. నిప్పుగూటిలో కట్టెలను పట్టి ఉంచే ఇనుప దిమ్మెలు పాత రైలు పట్టాలను కాల్చి మలచినవి. రగ్గులను, అడవి పనులకు ప్రభుత్వం నడిపిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ శిబిరాల కుర్రాళ్ల పాత దుప్పట్లు, యూనిఫారాల పీలికలతో ఉపాధి పనికి వచ్చిన మహిళలు అల్లారు. పథకం సొమ్ములో అధిక భాగం కూలికే పోయేది కనుక సరుకు దగ్గర చేయి బిగించక తప్పలేదు. పనితనానికి మాత్రం లోటు లేదు. మాంద్యం వీధిన పడేసిన రాతిపనివారు, కమ్మరులు, వడ్రంగులు తమ విద్యనంతా అక్కడ ధారపోశారు.

అంత శ్రద్ధగా కట్టింది కూడా ఇరవై ఏళ్లు తిరగకముందే చేజారబోయింది. నిర్వహణ అస్తవ్యస్తమై, కరెంటు బాకీ కూడా తీర్చలేని స్థితిలో 1955లో లాడ్జి తలుపులు మూతపడ్డాయి. కొత్త నిర్వాహకుడు వచ్చి దాన్ని నిలబెట్టాడు. తెరలూ రగ్గులూ చివికిపోతుంటే 1975లో పౌరులే ఒక సంఘంగా ఏర్పడి, పాత నమూనాలను బట్టి తిరిగి చేయించడం మొదలుపెట్టారు. భవనం ప్రభుత్వానిది, దాన్ని కాచుకున్న బాధ్యత మాత్రం ఊరివారిది.

లాగార్డియాలోని మెరైన్ ఎయిర్ టెర్మినల్ కథ ఇంకా విడ్డూరం. గుండ్రటి ఆ హాలు గోడ చుట్టూ జేమ్స్ బ్రూక్స్ అనే చిత్రకారుడు 12 అడుగుల ఎత్తు, 237 అడుగుల పొడవున మనిషి ఎగరాలనుకున్న కల మొత్తాన్ని చిత్రించాడు. 1942లో పూర్తయిన ఆ బొమ్మ మీద పదేళ్లకే, 1952లో, రంగు పూసేశారు. 1980లో నిపుణులు ఆ పూతను తొలగించి బొమ్మను వెలికితీశారు. అంటే దాదాపు మూడు దశాబ్దాలు ప్రయాణికులు దాన్ని చూడకుండానే దాని పక్కనుంచి వెళ్లిపోయారు.

ఈ పథకాలకు హారతులు పట్టే ఉద్దేశం మాకు లేదు. అడవుల్లో దాదాపు 300 కోట్ల మొక్కలు నాటిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో నల్లవారికి వేరు శిబిరాలుండేవి. అందులో కుర్రాళ్లకు నెలకు 30 డాలర్లు ఇచ్చి, 25 ఇంటికి పంపించేవారు. ఆడపిల్లలకు మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు. డబ్ల్యూపీఏలో కుటుంబానికి ఒక్కరికే పని అన్నారు. దాంతో పెళ్లయిన ఆడవారికి అవకాశాలు సన్నగిల్లాయి. పని లేనివారిలో పెద్ద భాగానికి ఏ రోజునా ఆ పథకం చాలలేదు కూడా. అయినా పస్తులున్న మనిషికి కూలి ఇచ్చేటప్పుడు అతని చేతిలోని విద్యను కూడా వాడుకోవచ్చునన్న ఆలోచనకు ఆ కట్టడాలే సాక్ష్యం.

అలా ఆలోచించని పాలన ఎలా ఉంటుందో తెలుగునేలకు తెలుసు. 1877 కరవులో మద్రాసు ప్రెసిడెన్సీలో సహాయ పనులకు వచ్చిన మగ కూలీకి తెల్లదొరలు రోజుకు నిర్ణయించిన కూలి ఒక పౌను ధాన్యం వెల, పైన ఒక అణా. పౌను అంటే అర కిలో కన్నా తక్కువ గింజలు. ఆ కరవులోనే బకింగ్‌హాం కాలువలో మద్రాసు నగరం గుండా సాగే భాగాన్ని తవ్వించారు. నేడది మురుగు మోస్తోంది.

మరి మన ఉపాధి పనుల మాట? 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. పల్లె జనం నేటికీ దాన్ని కరువు పనే అంటారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పథకపు చట్టం స్థానంలో కొత్తది చేసినప్పుడు వాదనంతా పేరు, పనిదినాలు, రాష్ట్రాల వాటా చుట్టూనే తిరిగింది. తవ్విన కుంటలు, పూడిక తీసిన చెరువులు, కొండవాలు కందకాలు ఇకపై ఎవరి పూచీ అని అడిగినవారు తక్కువ. అమెరికాలో ఆనాటి కట్టడాలు ఎక్కడెక్కడ ఉన్నాయో దేశమంతటికీ జాబితా తయారుచేసే పనికి ఈ శతాబ్దంలో ఒక విశ్వవిద్యాలయ బృందమూ స్వచ్ఛంద కార్యకర్తలూ పూనుకోవలసి వచ్చింది. మనకా ఇబ్బంది లేదు. ఉపాధి పనుల ఫొటోలు అక్షాంశ రేఖాంశాలతో సహా కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. పని ముగిసినప్పటి ఫొటోతోనే ఆ దస్త్రం మూసేస్తున్నారు, చిక్కంతా అక్కడే. రెండు వానాకాలాల తర్వాత కట్ట తెగిందా, కుంటలో నీరు నిలుస్తోందా అన్నది అందులో ఉండదు.

రెండు తెలుగు ప్రభుత్వాలూ వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. ఉపాధి పనుల్లో పుట్టిన ప్రతి ఆస్తిని గ్రామ పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో చేర్చాలి. ఏటా తొలకరికి ముందు గ్రామసభ సభ్యులే వాటిని తిరిగి చూడాలి. తెగిన కట్టను పూడ్చడానికి, పేరుకున్న పూడికను తీయడానికి కూలి నిధుల్లో కొంత విడిగా పెట్టాలి. మరమ్మతును కూడా పనిదినంగా లెక్కించేలా కొత్త చట్టం కింద వచ్చే మార్గదర్శకాల్లో స్పష్టంగా రాయించుకోవలసింది రాష్ట్రాలే.